తుపాకీ దించాక మల్లు స్వరాజ్యం ఏం చేశారు? తుంగతుర్తి ఎమ్మెల్యేగా ఆమె కాలం గురించి చర్చ

ఫణిగిరి గుట్ట:
అందరికీ నమస్కారం. మాది తుంగతుర్తి నియోజకవర్గం. సెప్టెంబర్ 17 వచ్చినా, మార్చి 19 వచ్చినా స్వరాజ్యమ్మ ఫొటోలతో వాట్సాప్ గ్రూపులు నిండిపోతాయి. దొరల ఇంట్లో పుట్టింది, కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాటంలో దళంలో చేరింది, తల మీద 10 వేల వెల కట్టారు, అడవిలో రాజక్క పేరుతో పనిచేసింది. అక్కడిదాకా అందరూ చెప్తారు. చివర్లో "రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు" అని ఒక్క ముక్క రాసి ముగిస్తారు.

నాకు ఇది సరిపోదు. సాయుధ పోరాటం 1951 అక్టోబర్‌లో ఆగింది. ఆమె అసెంబ్లీకి వెళ్ళింది 1978లో. చనిపోయింది 2022లో, 91 ఏళ్ళకు. తుపాకీ పట్టింది ఐదారేళ్ళు. ఆ తర్వాత బతికింది డెబ్బై ఏళ్ళు. ఆ డెబ్బై ఏళ్ళ గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా, యుద్ధం చేసిన మనిషి ఒక మెట్ట ప్రాంతపు ఎమ్మెల్యేగా కుర్చీలో కూర్చుంటే ఆ కుర్చీతో ఏం చేయగలదు? అప్పటి రోజులు తెలిసినవాళ్ళు రాయండి.

డల్లాస్ తెలుగు:
మంచి టాపిక్ అన్నా. మా పిల్లలు ఇక్కడే పుట్టారు, వాళ్ళకు చెప్పాలంటే నాకే మొదటి భాగం సరిగ్గా తెలియదు. దొరల ఇంటి పిల్ల దొరల మీదికి ఎందుకు వెళ్ళింది? ముందు ఎవరైనా అది చెప్పండి.

ఉయ్యాలపాట:
నేను చెప్తాను తమ్ముడూ. సూర్యాపేట దగ్గర బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను.

కర్విరాల కొత్తగూడెంలో భీమిరెడ్డి వారి ఇల్లు. వందల ఎకరాల భూస్వామ్య కుటుంబం. ఆమె పుట్టేనాటికి నిజాం రాజ్యంలో వెట్టి ఎలా ఉండేదో చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగలు మూటలు మోయాలి, బోయీలు సవారీ మోయాలి, అందరూ దొర పొలం దున్నిన తర్వాతే తమ చెలక ముఖం చూడాలి. కూలి లేదు. తిండిగింజలు అప్పు తెచ్చుకుంటే నాగు కట్టాలి, అంటే తీసుకున్న ధాన్యానికి సగం కలిపి తిరిగివ్వాలి. దానిమీద సర్కారు లెవీ, అంటే బలవంతంగా ధాన్యం వసూలు. "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అన్న మాట ఊరికే పుట్టలేదు.

నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ సంస్థ ఆంధ్రమహాసభ, జనం నోట్లో సంగం, వెట్టి పోవాలని పిలుపిచ్చింది. అప్పటికి స్వరాజ్యానికి పది, పదకొండేళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోకపోయినా వెట్టి చేసేవాళ్ళకు ఇంటి బియ్యం తీసి పంచింది. తల్లి చొక్కమ్మ అండగా నిలబడింది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి, మనమంతా బీఎన్ అనే ఆయన, అప్పటికే సంగంలో ఉన్నాడు. 1944 భువనగిరి సభ తర్వాత ఆంధ్రమహాసభ పూర్తిగా కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) మనుషులు దొడ్డి కొమురయ్యను కాల్చి చంపారు. అంతవరకూ చేతిలో గుత్పలు, వడిసెలలు పట్టుకున్న జనం ఆ తర్వాత తుపాకుల వైపు చూశారు. ఆమెకు అప్పుడు పదిహేనేళ్ళు.

ఆమె బలం మొదటినుంచీ గొంతే. ఊళ్ళోకి వెళ్ళి ముందు పాట ఎత్తుకునేది. ఆడవాళ్ళు పొలం గట్ల మీద, బతుకమ్మ చుట్టూ పాడుకునే ఉయ్యాల వరసలోనే వెట్టి గురించి పాడితే ఎవరు ఆగకుండా ఉంటారు? పాట అయ్యాక మాట. తర్వాత దళం, తుపాకీ. 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చాక దళాలు మైదానం వదిలి గోదావరి అడవుల్లోకి వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ కోయగూడేల్లో ఆమె రాజక్క.

జవాన్ 71:
మేడమ్ గారు బాగా చెప్పారు. నేను పదహారేళ్ళు సైన్యంలో పనిచేసినవాణ్ణి, 1971లో తూర్పు వైపు ఉన్నాను. నాకు ఆమె రాజకీయాలతో సంబంధం లేదు. ఒక సైనికుడిగా నాకు కనిపించే విషయం చెప్తాను.

ఢాకాలో డిసెంబర్ 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయాక మాకు యుద్ధం అయిపోయింది. తిరిగి యూనిట్, జీతం, సెలవు, ఉత్తరాలు. బయటికి వచ్చేటప్పుడు చేతిలో డిశ్చార్జి బుక్కు, పింఛను, జిల్లాలో సైనిక సంక్షేమ కార్యాలయం. అంత ఉండి కూడా ఊరికి వచ్చిన మొదటి ఏళ్ళు చాలా కష్టం. రాత్రి నిద్ర పట్టదు. ఊరివాళ్ళ చిన్న చిన్న తగాదాలు చూస్తే కోపం వస్తుంది. ఎవరికి చెప్పాలో తెలియదు.

దళంలో ఉన్నవాళ్ళకు వీటిలో ఒక్కటీ లేదు. పోరాటం ఆగిందన్నారు, తుపాకీ వదిలేశారు, మీద కేసులు ఉన్నాయి, ఇల్లు ఉందో కూలిందో తెలియదు, పక్కన పోరాడినవాళ్ళు చచ్చిపోయారు. వయసు ఇరవై. అక్కడినుంచి ఇరవై ఏడేళ్ళు ఊళ్ళు తిరిగి ఎన్నిక గెలవడం అంటే, నా లెక్కలో అది తుపాకీ పట్టడం కంటే పెద్ద ధైర్యం. ఎన్నికలో ఓడిపోయినా మర్నాడు అదే ఊరికి వెళ్ళి మొహం చూపించాలి.

గడీ నీడ:
అందరూ ఒకే వైపు రాస్తున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా రాయాలి. మా తాతగారు పట్వారీ, అంటే ఊరి భూముల లెక్కలు రాసే మనిషి. దొర కాదు, గడీ లేదు, ఉన్నది కొద్దిపాటి భూమి. దళం ఊళ్ళోకి వచ్చి ఆయన దగ్గరున్న లెక్కల పుస్తకాలన్నీ బజార్లో వేసి తగలబెట్టింది. ఆయన్ను కొట్టారు. మా నానమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని రాత్రికి రాత్రి హైదరాబాద్ చేరింది, మళ్ళీ ఆ ఊరికి వెళ్ళలేదు. ఇది స్వరాజ్యం గారు చేశారని నేను అనడం లేదు. ఎవరు చేశారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ నిజాం లొంగిపోయాక కూడా మూడేళ్ళు తుపాకులు ఎందుకు దించలేదు? ఆ ప్రశ్న వేస్తే చాలు, మమ్మల్ని దొరల తొత్తులంటారు. బాధగా ఉంటుంది.

మాడరేటర్:
గడీ నీడ గారి మాటలకు ఎవరూ వ్యక్తిగతంగా జవాబివ్వొద్దు. విషయం మీదే ఉండండి.

ఫణిగిరి గుట్ట:
మీ నానమ్మ పడ్డ కష్టం నిజం. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. మీరు వేసిన ప్రశ్న ఆ రోజుల్లో పార్టీలోనే వేశారు. సెప్టెంబర్ 1948 తర్వాత కొనసాగించొద్దని రావి నారాయణరెడ్డి గట్టిగా వాదించారు. ఆయన కంటే పెద్ద నాయకుడు అప్పుడు తెలంగాణలో ఎవరున్నారు? కొనసాగించాలన్నవాళ్ళ వాదన ఏమిటంటే, సైన్యం వెనకాలే పారిపోయిన దేశ్‌ముఖ్‌లు తిరిగొచ్చి పంచిన భూముల్ని లాక్కుంటున్నారు, ఇప్పుడు తుపాకీ దించితే రైతు ఏమవుతాడు అని. పార్టీ లెక్క ప్రకారం 3 వేల ఊళ్ళలో 10 లక్షల ఎకరాలు పంచారు, 4 వేల మంది చనిపోయారు. ఆ చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పేర్లు వాళ్ళ సొంత ఊళ్ళలో తప్ప ఎక్కడా లేవు.

నాకైతే రావి నారాయణరెడ్డి మాటలో న్యాయం కనిపిస్తుంది. కానీ పంచిన భూమి తిరిగి పోతుంటే చూస్తూ ఉండలేమన్న ఇరవై ఏళ్ళ పిల్లని తప్పుపట్టే మనసు నాకు రాదు.

పాత పహాణీ:
రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను, అందులో చాలా ఏళ్ళు నల్గొండ జిల్లాలోనే. ఫణిగిరి తమ్ముడు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. 1978లో ఒక గ్రామీణ ఎమ్మెల్యే దగ్గరికి జనం ఏ పనిమీద వచ్చేవాళ్ళు?

ఇప్పటిలాగా నియోజకవర్గ నిధులు చేతిలో లేవు. మండలాలు కూడా లేవు, అవి వచ్చింది 1985లో. తుంగతుర్తి వైపు రైతు ఏ కాగితం కావాలన్నా సూర్యాపేట తాలూకా ఆఫీసుకు పోవాలి. బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. అక్కడికి పోయేముందు ఊళ్ళో పట్వారీని దాటాలి. పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, ఎవరి పేరు రాయాలో ఆయన చేతిలో ఉంది. పట్టాదారు (యజమాని) కాలమ్‌లో దొర పేరు, అనుభవదారు (సాగులో ఉన్నవాడు) కాలమ్‌లో రైతు పేరు. ఆ రెండో పేరు ఒక ఏడు ఉండి, మరుసటి ఏడు మాయమైతే రైతు పని అయిపోయినట్టే. గడీ నీడ గారి తాతగారు నిజాయితీపరులై ఉండొచ్చు, అలాంటివాళ్ళను నేను చూశాను. కానీ పద్ధతి అలా ఉండేది. జనం లెక్కల పుస్తకాల మీద అంత కసి పెంచుకున్నది అందుకే.

చట్టాలు లేక కాదు. 1950 కౌలుదారీ చట్టం ఉంది. అందులో 38-ఇ సెక్షన్ కింద రక్షిత కౌలుదారుకు ఆ భూమిమీద యాజమాన్యమే ఇవ్వాలి. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది, 1975 జనవరి నుంచి అమలు. నేల రకాన్ని బట్టి తరి (నీళ్ళు పారే భూమి) 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు, అంతకు మించి కుటుంబానికి ఉండకూడదు. చట్టం వస్తుందని ముందే తెలిసినవాళ్ళు భూమిని బంధువుల పేర్ల మీద, పాలేర్ల పేర్ల మీద కూడా రాయించేశారు. దాన్ని బయటపెట్టాలంటే ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో ఊరు ఊరంతా తెలిసిన మనిషి కావాలి. ఇక్కడ ఆమె పాత జీవితం అక్కరకు వచ్చింది. ఎవరి భూమి ఎవరిదో, 1947లో ఏది ఎవరికి పంచారో, 49లో ఏది పోయిందో ఆ తరం దళాలవాళ్ళకు కంఠోపాఠం. ఆఫీసులో కూర్చున్న మాకు కాగితం మాత్రమే తెలుసు.

బెజవాడ బండి:
మాది గన్నవరం వైపు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే విషయం ఒకటి. 1978 అసెంబ్లీలో సీపీఎంకు 8 సీట్లు. అందులో తుంగతుర్తి నుంచి మల్లు స్వరాజ్యం, మా గన్నవరం నుంచి పుచ్చలపల్లి సుందరయ్య, నర్సంపేట నుంచి మద్దికాయల ఓంకార్. ముగ్గురూ సాయుధ పోరాటం నడిపినవాళ్ళే. ముప్పై ఏళ్ళ ముందు ప్రభుత్వం వెతికిన మనుషులు ఇప్పుడు అదే ప్రభుత్వాన్ని "అధ్యక్షా" అంటూ నిలదీస్తున్నారు. ఓంకార్ గారికి అసెంబ్లీ టైగర్ అని పేరు. కాగితాలు పట్టుకుని లేచారంటే మంత్రులకు టెన్షన్.

ఆ ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి కవరు వస్తే ముఖ్యమంత్రి మారిపోయేవాడు. తర్వాత 1983లో ఎన్టీఆర్ గాలి. ఆ గాలిలో సీపీఎంకు మిగిలింది 5 సీట్లు. ఆ ఐదులో తుంగతుర్తి ఒకటి. అంత పెద్ద గాలికి నిలబడింది అంటే పార్టీ గుర్తుకే పడ్డ ఓట్లు అనుకోలేం, మనిషికి పడ్డ ఓట్లు కూడా ఉన్నాయి. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కినప్పుడు వామపక్షాలు ఎన్టీఆర్ పక్షాన ఉన్నాయి. నెల రోజులకే ఎన్టీఆర్ తిరిగి వచ్చారు. నవంబర్‌లో సభ రద్దయింది. కాబట్టి ఆమె రెండో విడత రెండేళ్ళు కూడా నిండలేదు.

డల్లాస్ తెలుగు:
294 మందిలో 5 మంది ఉంటే ఏం చేయగలరు సార్? ఓటింగులో లెక్కకే రారు కదా.

పాత పహాణీ:
ఓటింగులో రారు, నిజం. కానీ ప్రశ్నోత్తరాల సమయం ఉంది. నక్షత్రం గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పి తీరాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ప్రశ్న ఆమోదం పొందగానే సచివాలయం నుంచి కలెక్టరుకు, కలెక్టరు నుంచి ఆర్డీఓకు, అక్కడినుంచి తాసిల్దారుకు కాగితం దిగుతుంది. ఫలానా గ్రామంలో మిగులు భూమి ఎంత, ఎంతమందికి ఇచ్చారు, స్వాధీనం చేశారా లేదా, సమాధానం ఫలానా తేదీలోగా పంపండి అని. మామూలుగా ఏళ్ళ తరబడి కదలని ఫైలు ఆ వారంలో కదులుతుంది. ఆ కాగితం వస్తే ఆఫీసులో ఎంత హడావిడి ఉండేదో నాకు బాగా గుర్తు. అధికార పార్టీ ఎమ్మెల్యే ఫోన్ చేసి బతిమాలి పని చేయించుకుంటాడు. ప్రతిపక్షంలో ఐదుగురిలో ఒకరికి ఈ ప్రశ్నే ఆయుధం.

ఉయ్యాలపాట:
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తాలి. పోరాటం ఆగాక మగవాళ్ళు నాయకులయ్యారు. 1952లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచారని గర్వంగా చెప్పుకుంటాం. పార్టీ మీద నిషేధం ఉండగానే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో హైదరాబాద్ అసెంబ్లీలో 175కు 42 గెలిచారు. సూర్యాపేట నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. మంచిదే. మరి దళాల్లో ఉన్న ఆడవాళ్ళు? ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి 1952, 57, 62 ఎన్నికల్లో గెలిచారు. ఆమెను మినహాయిస్తే చాలామందికి "ఇక ఇంటికి వెళ్ళి సంసారం చేసుకోండి" అన్నట్టే జరిగింది. 1980ల్లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి ఆ స్త్రీల మాటలు రికార్డు చేసి పుస్తకంగా వేశారు. అందులో స్వరాజ్యం గొంతు కూడా ఉంది. చదివితే కడుపు తరుక్కుపోతుంది. తుపాకీ పట్టిన చేతికి మళ్ళీ పొయ్యి అప్పగించారు, ఎందుకని అడిగితే జవాబు లేదు.

స్వరాజ్యం విషయంలో నాకు గొప్పగా అనిపించేది ఇదే. ఆమె అన్న బీఎన్ 1957లోనే సూర్యాపేట నుంచి అసెంబ్లీకి, 1967లో తుంగతుర్తి నుంచి మళ్ళీ, 1971లో మిర్యాలగూడ నుంచి పార్లమెంటుకు వెళ్ళారు. ఈమె వంతు వచ్చేసరికి 47 ఏళ్ళు. ఆ మధ్యలో మల్లు వెంకటనరసింహారెడ్డి గారితో పెళ్ళి, పిల్లలు, పార్టీ చీలిక, ఎమర్జెన్సీ. ఇన్ని దాటుకుని వచ్చింది. వచ్చాక కూడా పదవితో ఆగలేదు. ఎమ్మెల్యే పదవి పోయాకే నేను ఆమెను ఎక్కువగా చూశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయిస్తే, మా నల్గొండ జిల్లాలో కూడా మంట అంటుకుంది. అరవై ఏళ్ళ మనిషి, మహిళా సంఘం ఐద్వా జెండా కింద ఊళ్ళు తిరిగింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. నాకు ఆ రోజుల్లో అనిపించింది ఏమిటంటే, వెట్టి మీద పాట పాడిన గొంతుకు సారా మీద మాట్లాడటం కొత్త పని కాదు. రెండిట్లోనూ దెబ్బ తగిలేది కూలి ఇంటి ఆడమనిషికే.

జవాన్ 71:
మేడమ్, ఆ పుస్తకం సంగతి నాకు కొత్త, తప్పకుండా చదువుతాను. సైన్యంలో కూడా యుద్ధం తర్వాత భార్యలు పడ్డ కష్టం ఎవరూ రాయలేదు.

గడీ నీడ:
పాత పహాణీ గారూ, మీరు మర్యాదగా రాశారు, థాంక్స్. మా నాన్న చెప్పిన ఇంకో సంగతి ఉంది. 1984 జనవరిలో ఎన్టీఆర్ పటేల్, పట్వారీ పదవులు రద్దు చేసినప్పుడు మా చుట్టాలిళ్ళల్లో ఏడుపులు. తరతరాల పని ఒక్క రోజులో పోయింది. కానీ మా నాన్న మాత్రం, "ఇది 1948లో చేసి ఉంటే మా నాన్నను ఎవరూ కొట్టేవాళ్ళు కాదు" అన్నారు. అప్పుడు స్వరాజ్యం గారు ఎమ్మెల్యే అని ఈ చర్చ చదివాకే లెక్క కట్టుకున్నాను. ఒక పని తుపాకీతో మొదలై, ముప్పై ఎనిమిదేళ్ళకు అసెంబ్లీ కాగితం మీద పూర్తయింది. నాకు దళాల మీద ఉన్న కోపం పోలేదు. ఈ సంగతి మాత్రం ఒప్పుకుంటాను.

పాత పహాణీ:
పూర్తయింది అనకండి బాబూ. మీ తాతగారి పదవి పోయింది, సమస్య పోలేదు. తెల్లకాగితం మీద కొనుక్కున్న భూములు, అదే సాదాబైనామాలు, ఇవాళ్టికీ తేలలేదు. 2020లో భూముల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి వచ్చి అనుభవదారు కాలమ్‌నే తీసేసింది. ఏ కాలమ్ కోసం ఆ తరం ప్రాణాలిచ్చిందో అది మౌస్ క్లిక్‌తో పోయింది. దాని బదులు 2025లో భూభారతి తెచ్చారు. సాదాబైనామా దరఖాస్తులు పెట్టుకున్న ముసలి రైతులు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. నేను రిటైరయ్యాక వాళ్ళకు అర్జీలు రాసిపెడుతున్నాను కాబట్టి తెలుసు.

బెజవాడ బండి:
మరి ఇప్పుడు మీ తుంగతుర్తిలో పరిస్థితి ఏమిటి? ఆమె చివరి రోజుల గురించి కూడా ఎవరైనా రాయండి.

ఫణిగిరి గుట్ట:
2009 నుంచి మా నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. వెట్టి మోసిన కులాల పిల్లలు ఇప్పుడు ఆ సీటులో గెలుస్తున్నారు. పార్టీలు మారాయి, ఎర్రజెండా బలం తగ్గింది, అది వేరే సంగతి. ఆమె 2022 మార్చి 19న హైదరాబాద్‌లో ఆస్పత్రిలో కన్నుమూశారు. భౌతికకాయాన్ని నల్గొండ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఎనభై దాటాక కూడా మీటింగులో మైకు పట్టుకుంటే వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా గొంతు వినిపించేది, అది మా వయసువాళ్ళం చాలామంది విన్నాం.

పాత పహాణీ సార్, మీరు చెప్పిన ప్రశ్నోత్తరాల మాట నాకు దారి చూపించింది. శాసనసభ చర్చలు సంపుటాలుగా ముద్రించి ఉంటాయి కదా. 1978 నుంచి 84 దాకా ఉన్నవి ముందేసుకుని, తుంగతుర్తి సభ్యురాలు వేసిన ప్రతి ప్రశ్నా, మంత్రి ఇచ్చిన జవాబూ రాసుకోవాలని ఉంది. ఊరి పేరు కనపడితే ఆ ఊరికి పోయి, ఆ భూమి ఇప్పుడు ఎవరి సాగులో ఉందో చూడాలి. పహాణీలు చదవడం నాకు రాదు. మీరు తోడుంటే మొదలుపెడతాను.

పాత పహాణీ:
తప్పకుండా వస్తాను. ముందు 1954–55 ఖాస్రా పహాణీ నకళ్ళకు దరఖాస్తు పెట్టు, అన్నిటికీ అదే ఆధారం. ఏ గ్రామాలు కావాలో నాకు మెసేజ్ పెట్టు.

గడీ నీడ:
మా ఊరిని కూడా ఆ జాబితాలో చేర్చండి. కాలిపోగా మిగిలిన కొన్ని కాగితాలు మా ఇంట్లో పెట్టెలో ఉన్నాయి. స్కాన్ చేసి పంపుతాను.